చుట్టాల దండు, కొళాయి కాడ బొబ్బిలి యుద్ధం: నోట్లో మిగిలిపోయిన యుద్ధాల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో కాపురం ఉండేవాళ్లకు యుద్ధభాష రాకపోతే పూట గడవదు. చుట్టాలు దండెత్తి వస్తారు, పిల్లల పటాలం ఇల్లు పీకి పందిరేస్తుంది, పక్కింటివాళ్లతో అమీతుమీ తేల్చుకోవాల్సి వస్తుంది, ఇంటాయన సమయం చూసి జెండా ఎత్తేస్తాడు. ఇందులో ఎవరూ కత్తి పట్టరు. మహా అయితే అట్లకాడ. నేను పుట్టింది చిత్తూరు పక్కన, సగం తెలుగు సగం తమిళం మాట్లాడే పల్లెలో. ఉండేది తిరుపతిలో. ఈ మాటలు ఎక్కడివని ఇంట్లో పిల్లలూ, టీ అంగడి కాడ స్నేహితులూ మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. అందరికీ ఒకేసారి జవాబు ఇది.

చుట్టాలొస్తే "దండు దిగింది" అంటాం. అసలు దండు అంటే ఏమిటి?

దండు అంటే సైన్యం. సైన్యం దిగిన చోటును కూడా దండనే అనేవాళ్లు. బెంగుళూరు కంటోన్మెంటును పాతవాళ్లు ఇప్పటికీ దండనే అంటారు. మన చిత్తూరూ ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ దండు ఉన్న ఊరే.

చుట్టాలకూ సైన్యానికీ పోలిక ఊరికే కుదరలేదు. ఆ కాలపు సైన్యం తిండి మోసుకుని పోయేది తక్కువ, పోయిన చోట తినేది ఎక్కువ. 1780 జూలైలో మైసూరు నేలే హైదరాలీ ఎనభై వేలకు పైబడిన బలంతో కనుమలు దిగి కర్ణాటకం మీద, అంటే అప్పటి ఆర్కాటు నవాబు సీమ మీద పడ్డప్పుడు, దండు వస్తోందన్న మాట చెవిన పడగానే జనం వడ్లు పాతర్లో దాచి అడవి పట్టారు. మా ఇంట్లో పాతర లేదు గనక జీడిపప్పు డబ్బాను పాత సూట్‌కేసులో దాస్తాం.

మొదట వేగు వస్తుంది. "బాబాయ్, శనివారం దర్శనానికి వస్తాండాం, ఐదు మందిమే" అని ఫోను. ఐదు మంది అంటే పదకొండని లెక్క వేసుకోవాలి, డ్రైవరు వేరే. తెల్లారుజామున మూడింటికి గుమ్మం ముందు టెంపో ఆగుతుంది. చెప్పులు మెట్ల దాకా పరుచుకుంటాయి. బాత్రూం ముందు వరస. వంటింట్లో మా ఆవిడ రెండో కుక్కరు ఎక్కిస్తూ నన్నొక చూపు చూస్తుంది. నేను అంగడికి పరిగెత్తుతాను. వెనకటికి సైన్యాలకు ధాన్యం అందించే పని బంజారాలది. వేలాది ఎద్దుల మీద గోతాలేసుకుని దండు వెంట నడిచేవాళ్లు. 1792లో కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ శ్రీరంగపట్నం మీదికి పోయినప్పుడూ అతని సైన్యం కడుపు నింపింది వాళ్లే. ఇప్పుడా పని నాది. ఎద్దుల బదులు పాత స్కూటరు.

ఒక్కరే వస్తే దండయాత్ర అనొచ్చా?

కొత్తల్లుడైతే అనొచ్చు.

పిల్లల గుంపును "పటాలం" అంటారెందుకు?

బెటాలియన్ అన్న మాట మన నోట్లో అరిగి అరిగి పటాలమైంది. తమిళంలో పట్టాళం. మా పల్లెలో పట్టాలం అనేవాళ్లు. వందల మంది సిపాయిలకు చెప్పాల్సిన మాట, నలుగురు పిల్లలకు సరిపోయింది. వేసవి సెలవుల్లో నలుగురిని ఒక్క ఇంట్లో చూసినవాళ్లెవరూ ఇది అతిశయోక్తి అనరు.

"పెద్ద పాళెగాడు బయల్దేరినాడు" అని వెక్కిరిస్తారు. వాళ్లెవరు?

పాళెం అంటే మొదట్లో సైన్యం దిగిన విడిది. ఎర్రావారిపాళెం లాంటి ఊరిపేర్లలో ఆ మాట ఇంకా కూర్చునే ఉంది. పాళెగాడు ఆ పాళేనికి దొర. విజయనగర రాజులు భూమి ఇచ్చేవాళ్లు. ఇతను కొంత సైన్యాన్ని పోషించి, పిలిచినప్పుడు తీసుకుని పోవాలి. 1565లో రాక్షస తంగడి దగ్గర విజయనగరం దెబ్బ తిన్నాక, రాజధాని పెనుకొండకూ అక్కణ్ణించి మన చంద్రగిరికీ తరలింది. పైవాడి చెయ్యి వదులైన కొద్దీ ఎక్కడి పాళెగాడు అక్కడ రాజైపోయాడు. నవాబు అడిగితే కప్పం రేపిస్తానన్నాడు, మైసూరువాడు అడిగితే ఎల్లుండన్నాడు. 1801లో ఈ సీమ కంపెనీ చేతికి వచ్చాక చిత్తూరు పాళెగాళ్లు తిరగబడ్డారు, కంపెనీ సైన్యాన్ని పంపి అణిచేసింది.

అంటే చేతిలో ఉన్నది నాలుగు పల్లెలు, మాట మాత్రం చక్రవర్తిది. ఇంతకంటే మంచి వెక్కిరింత ఎక్కడ దొరుకుతుంది? మా అపార్టుమెంటులో రెండో అంతస్తు పిల్లోడు ఆరేళ్లవాడు. సాయంత్రం లిఫ్టు తలుపుకు అడ్డంగా నిలబడి, బిస్కెట్టు ఇస్తేనే పోనిస్తాడు. వాణ్ణి మేమంతా పాళెగాడనే పిలుస్తాం. వాడికిచ్చే బిస్కెట్టు కప్పం. క్రీము బిస్కెట్టు కాకపోతే తీసుకోడు.

"హైదరాలీ కాలం నాటిది" అంటే పాతదని అర్థం. ఆయనే ఎందుకు? అక్బరు ఇంకా పాత కదా?

అక్బరు మన వైపు రాలేదు. హైదరాలీ వచ్చాడు, ఉన్నాడు, ఇక్కడే పోయాడు. చిత్తూరుకు దగ్గర్లో నరసింగరాయనిపేట దగ్గర విడిదిలో, 1782 డిసెంబరు 7న, వీపు మీద లేచిన రాచపుండుతో. జనం లెక్కల్లో కాలం ఆ గుర్తుకు ముందు, తర్వాత అని చీలింది. అరవం మాట్లాడేవాళ్లూ ఇదే మాట వాడతారు. మా ఇళ్లల్లో మిక్సీ, గొడుగు, మామగారి అభిప్రాయాలు, అన్నీ హైదరాలీ కాలం నాటివే.

ఆయన చావు చుట్టూ ఒక కథుంది. కొడుకు టిప్పు అప్పుడు మలబారు వైపున్నాడు. అతను వచ్చేదాకా సంగతి పొక్కితే సైన్యం చెదిరిపోతుందని మంత్రులు చావును దాచారు. శవాన్ని పెట్టెలో పెట్టి, ఖజానా తరలిస్తున్నట్టు కోలారుకు పంపారు. దొర ఉన్నట్టే ఉత్తర్వులు నడిచాయి. ఈ పద్ధతి ఇంకా పోలేదనే నా అనుమానం. ఒక ఆఫీసులో కాగితం మీద సంతకం కోసం నాలుగు రోజులు తిరిగాను. కుర్చీ మీద తువ్వాలు, పైన ఫ్యాను తిరుగుతూ, బల్ల మీద కళ్లద్దాల పెట్టె. "సారు ఇప్పుడే అట్ల పోయినారు." సారు బదిలీ అయి వారమైందని ఐదో రోజు టీ పిల్లోడు చెప్పాడు. ఆ ఫ్యానూ హైదరాలీ కాలం నాటిదే.

"ఆర్కాటు నవాబు" తిట్టా, పొగడ్తా?

అప్పిచ్చినవాణ్ణి అడగండి. చిత్తూరు సీమ ఒకప్పుడు ఆర్కాటు నవాబు కింద ఉండేది. చిత్తూరే 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. ఆ నవాబుల్లో మహమ్మదాలీ వాలాజా 1795లో పోయేదాకా దర్జాకు లోటు రానివ్వలేదు, అప్పుకూ లోటు రానివ్వలేదు. యుద్ధాల ఖర్చంటూ కంపెనీకి బాకీ పడ్డాడు. అది తీర్చడానికి కంపెనీ ఉద్యోగుల దగ్గరే సొంతంగా వడ్డీకి తెచ్చాడు. చివరికి 1785లో ఈ అప్పుల మీద లండన్ పార్లమెంటులో ఎడ్మండ్ బర్క్ పెద్ద ప్రసంగమే చేశాడు. మనం చేబదులు ఎగ్గొడితే మహా అయితే వీధి చివరి దాకా తెలుస్తుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బండిలో పెట్రోలుకు పక్కవాణ్ణి అడిగేవాడికి ఈ బిరుదు సరిగ్గా అతుకుతుంది.

మా అమ్మమ్మ అల్లరి పిల్లల్ని "ఎమ్డెన్" అంటుంది. ఏమిటది?

నన్ను అడిగితే ఈ మాటలన్నిట్లోకీ రాణి ఇదే.

మా అవ్వ ఇంట్లో బూడిద రంగు పిల్లి ఒకటుండేది. పెంచుకున్నది కాదు, దానంతటదే తిరిగేది. ఒక రాత్రి వంటింట్లో ధడేల్‌మని చప్పుడు. తాత లాంతరు వెతికి, వత్తి ఎత్తేలోపు నిశ్శబ్దం. చూస్తే ఉట్టి మీది నూనె గిన్నె కింద బోర్లా పడి, నేలంతా వేరుశనగ నూనె. నూనెలో తేలుతూ మరుసటి రోజుకని తీసిపెట్టిన అప్పచ్చులు. పిల్లి లేదు. కిటికీ ఊచ మీద నూనె పాదం గుర్తు ఒక్కటి మిగిలింది. అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని, కోపంగా కూడా కాదు, ఒక రకమైన గౌరవంతో అనింది: "ఎమ్డెన్ మాదిరి వచ్చె, ఎమ్డెన్ మాదిరి పోయె." ఆ పూట నుంచి దాని పేరు ఎమ్డెన్.

అది అవ్వ పెట్టిన పేరనే అనుకున్నాను. కాలేజీలో చేరాక తెలిసింది, ఎమ్డెన్ జర్మనీవాళ్ల యుద్ధనౌక అని. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన రెండో నెల, 1914 సెప్టెంబరు 22 రాత్రి, దీపాలతో వెలిగిపోతున్న మద్రాసు రేవు ముందుకు చప్పుడు కాకుండా వచ్చి నిలబడింది. కెప్టెను పేరు కార్ల్ ఫాన్ ముల్లర్. దాని గురి ఎక్కడ పడిందనుకున్నారు? బర్మా ఆయిల్ కంపెనీ నూనె ట్యాంకుల మీద. వందకు పైగా గుండ్లు పేల్చింది, ట్యాంకులు అంటుకున్నాయి, కొందరు మనుషులు చచ్చిపోయారు. ఒడ్డు మీది ఫిరంగులు తేరుకునేలోపు చీకట్లో కలిసిపోయింది. రాత్రి రావడం, నూనె ఒలకబోయడం, లాంతరు వెలిగేలోపు మాయమవడం. అవ్వ బడికి పోలేదు. ఉపమానంలో మాత్రం అక్షరం తప్పలేదు.

ఆ దెబ్బకు మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు పరుగెత్తారు. రైళ్లు కిక్కిరిసిపోయాయి. వాళ్ల వెంట ఆ మాట కూడా రైలెక్కి ఉంటుంది. తమిళంలో ఎమ్డన్ అంటే మహా గడుసువాడు, పట్టుకుందామంటే దొరకనివాడు. మా వైపు తెలుగులోకి అదే అర్థంతో దిగింది. అసలు ఎమ్డెన్‌ను ఆ ఏడాది నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర సిడ్నీ అనే ఆస్ట్రేలియా నౌక చావగొట్టింది. మా ఎమ్డెన్ ఇంకో ఏడేళ్లు బతికి మూడు కాన్పులు అయింది.

మందు, గుండు రెండూ యుద్ధం మాటలేనంటారు. నిజమా?

గుండు అంటే గుండ్రంగా ఉండేది ఏదైనా. ఫిరంగిలో పెట్టేదీ గుండే, తుపాకిలోంచి వచ్చేదీ గుండే, కల్యాణకట్టలో కూర్చుని లేచిన తలా గుండే. కాబట్టి తలకాయ ఫిరంగి దగ్గర అప్పు తీసుకుందని చెప్పలేను. రెండూ ఒకే తల్లి పిల్లలు. మందు మాత్రం భలే మాట. వైద్యుడిచ్చేది మందు, ఫిరంగిలో కూరే పేలుడు పొడి మందు, సాయంత్రం సీసాలో వచ్చేదీ మందే. ఫిరంగికి రెండూ కలిపి కావాలి గనక మందుగుండు అయింది. తిరుపతిలో వాటిని వేరు చేశాం. మందు అలిపిరి తనిఖీ దాటదు, గుండు కొండ మీదే దొరుకుతుంది.

ఫిరంగి అన్న మాట ఫిరంగీల నుంచి వచ్చింది, అంటే ఐరోపావాళ్లు. మనిషి పేరే ఆయుధానికి పెట్టేశారు. అరుపులు ఎక్కువైన మా పెద్దత్తను మామ చాటుగా ఆ పేరుతోనే పిలుస్తాడు. ఇక్కడా మనిషికీ ఆయుధానికీ తేడా చెరిగిపోయింది.

తిరుపతి క్షవరం కూడా సైన్యం మాటేనా?

కాదు. అది మన ఊరి సొంత సరుకు. ఒక తలకు సగం గీసి, బేరం పోకుండా ఇంకో తల పట్టుకోవడం. సగం తవ్వి వదిలేసిన రోడ్డును చూసి కూడా అదే అంటాం. "మిలిటరీ కటింగ్" మాత్రం పటాలం నుంచే వచ్చింది. మా చిన్నప్పుడు నాన్న మంగలి అంగట్లో ఈ రెండు మాటలూ పలికి వెళ్లిపోయేవాడు. అద్దంలో చూసుకుని ఏడ్చేవాళ్లం.

"అమీతుమీ తేల్చుకుందాం" తెలుగేనా?

మరాఠీలో ఆమ్హీ అంటే మేము, తుమ్హీ అంటే మీరు. మేమో మీరో ఈ పూట తేలాలి అన్నమాట. మరాఠీవాళ్లు మన దాకా వచ్చారా అని అడిగేవాళ్లు దామలచెరువు పోయి చూడాలి. ఇప్పుడక్కడ మామిడి మండీలు. 1740 మే నెలలో అక్కడి కనుమలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ దారి కాసి కూర్చున్నాడు. రఘోజీ భోంస్లే మరాఠా గుర్రాలు ఎదురుగా రాకుండా చుట్టు తిరిగి వెనక నుంచి పడ్డాయి. నవాబూ ఆయన కొడుకూ ఆ రోజే పోయారు. మాట సరిగ్గా ఆ గుర్రాల మీదే వచ్చిందని నేను రాసివ్వను గానీ, సీజన్లో కాయ ధర కాడ రైతూ దళారీ ఎదురెదురుగా నిలబడ్డప్పుడు అదే ఊళ్లో అదే మాట వినబడుతుంది. చుట్టు తిరిగి వచ్చేవాడే గెలవడం కూడా మారలేదు.

కుమ్మక్కు, లష్కరు, కవాతు ఎక్కడివి?

కుమక్ అంటే తుర్కీ, పారసీ భాషల్లో సాయం. యుద్ధంలో వెనక నుంచి వచ్చే సహాయ సైన్యం. పాపం ఎంత మంచి మాట. మన దగ్గరికి వచ్చాక, ఎదుటివాడికి సాయం వస్తే మనకు మంటే గనక, కుమ్మక్కు దొంగ పొత్తైపోయింది. మా పిల్లలిద్దరూ రిమోటు కోసం తన్నుకుంటారు, నేను టీవీ కట్టేస్తే క్షణంలో కుమ్మక్కవుతారు. లష్కరు అంటే పారసీలో ఏకంగా సైన్యం. ఇప్పుడు కాలువ తూముల కాడ నీళ్లు వదిలే మనిషిని లస్కరు అంటాం. ఒక సైన్యమంతా ఒక్క మనిషిగా మిగిలి, సైకిల్ మీద టార్చిలైటు పెట్టుకుని తిరుగుతోంది. కవాతు అరబ్బీ మాట, నియమాలని అర్థం. తెల్లారి ఐదింటికి పార్కులో మోచేతులు ఊపుకుంటూ నడిచే రిటైరు ఉద్యోగుల్ని చూస్తే అర్థమవుతుంది.

కొళాయి కాడ జరిగేదాన్ని బొబ్బిలి యుద్ధం అంటారు. బొబ్బిలి ఎక్కడ, మనమెక్కడ?

1757 జనవరి 24న ఆ చివర జరిగిన యుద్ధం బుర్రకథల మీదెక్కి ఈ చివరకు వచ్చింది. ఉత్తరాంధ్ర విజయనగరం రాజు, ఫ్రెంచి బుస్సీ ఒకవైపు. బొబ్బిలి కోట ఒకవైపు. చివర్లో తాండ్ర పాపారాయుడు. బిందె అటు జరిగిందా ఇటు జరిగిందా అన్న తగాదాకు ఇంత పెద్ద పేరు అవసరమా అంటే, నీళ్లు రెండు రోజులకొకసారి వచ్చే వీధిలో అవసరమే. పల్నాటి యుద్ధాన్ని మా వైపు తక్కువ వాడతారు. నాయకురాలు నాగమ్మను మాత్రం వదల్లేదు. కోడలు తెలివిగా రెండు మాటలు మాట్లాడితే చాలు, ఆ పేరు పడిపోతుంది. నాకైతే అది బిరుదే. రాజ్యం నడిపినామె.

పద్మవ్యూహం, బ్రహ్మాస్త్రం, సైంధవుడు?

అవి భారతంలోవి, చరిత్రలోవి కావు. నాలుగుకాళ్ల మండపం దగ్గర పండగ రోజు బండి ఇరుక్కున్నవాడికి ఈ తేడా పట్టదనుకోండి.

"యుద్ధ ప్రాతిపదికన పనులు" అని పేపర్లో రాస్తారు. మా వీధి కాలువ మూడేళ్లుగా అట్లాగే ఉందే?

ఏ యుద్ధమో వాళ్లు చెప్పలేదు కదా. 1896 ఆగస్టు 27న ఇంగ్లండుకూ జాంజిబారుకూ జరిగిన యుద్ధం గంట కూడా పట్టలేదు. ఇంగ్లండు, ఫ్రాన్సుల నూరేళ్ల యుద్ధం 1337లో మొదలై 1453 దాకా సాగింది. పేరుకు నూరు, లెక్కకు నూటపదహారు. పెళ్లి చదివింపుల్లాగా. మీ కాలువ ఏ లెక్కలో ఉందో కాంట్రాక్టరుకే తెలియాలి.

జెండా ఎత్తేయడం, డేరా ఎత్తేయడం, బిచాణా ఎత్తేయడం ఒకటేనా?

ఒకటి కాదు. డేరా గుడారం, బిచాణా పరుపు, జెండా జెండానే. మూడూ విడిది ఖాళీ చేసి పోవడమే గానీ, వాడకంలో తేడా ఉంది. చీటీల కంపెనీ బిచాణా ఎత్తేస్తుంది. సర్కసు డేరా ఎత్తేస్తుంది. చుట్టాలొచ్చిన రోజు నేను జెండా ఎత్తేస్తాను. జెండా పాతడం దీనికి ఎదురు: "రెండు రోజులని వచ్చి మీ తమ్ముడు ఇక్కడే జెండా పాతినాడు."

మిలిటరీ హోటల్లో మిలిటరీవాళ్లకు తగ్గింపు ఉంటుందా?

ఉండదు. ఆ బోర్డుకు అర్థం లోపల మాంసం దొరుకుతుందని. ఇడ్లీ సాంబారు హోటలు కాదని దూరం నుంచే చెప్పే గుర్తు. చిత్తూరు వైపు తలకాయ పులుసూ సంగటీ తినాలంటే ఆ బోర్డు వెతుక్కోవాలి.

జనం చచ్చిన యుద్ధాల మీద ఈ హాస్యం తప్పు కాదా?

ఒక్కోసారి తప్పే. 1816లో పిండారీలు గుంటూరు సీమ మీద పడి ఊళ్లు దోచి, కాల్చి పోయారు. ఈ రోజు పెళ్లిలో ఐస్‌క్రీము బల్ల మీద పడ్డ పిల్లల్ని చూసి "పిండారీలు పడ్డట్టు" అంటే ఎవరికీ నొప్పి లేదు. రెండొందల ఏళ్లు గడిచాయి. కానీ రజాకార్ల మాట అట్లా వాడితే నాకు నచ్చదు. 1948 నాటి సంగతి కళ్లతో చూసినవాళ్ల పిల్లలు ఇంకా మన మధ్యనే ఉన్నారు. మా కోడలు నల్గొండ పిల్ల. ఒకసారి మా ఇంట్లో ఎవరో పిల్లల్ని ఆ మాటతో సరదాగా పిలిస్తే, ఆ అమ్మాయి చేతిలోని పళ్లెం కింద పెట్టేసి లోపలికి పోయింది. మళ్లీ మా ఇంట్లో ఆ మాట రాలేదు.

మా తాత చీకట్లో చప్పుడైతే "హుకుందార్" అని అరిచేవాడు. అదేం భాష?

ఇంగ్లీషు. కాపలా సిపాయి చీకట్లో మనిషి అలికిడి వింటే "హూ కమ్స్ దేర్" అని గద్దించాలి. హిందుస్తానీ సిపాయిల నోట్లో అది హుకుందార్ అయింది. మా తాత ఏ పటాలంలోనూ పనిచేయలేదు. మామిడితోపు కాపలా కాసేటప్పుడు ఎక్కడో విన్నది పట్టుకున్నాడు. కాయ పండే రోజుల్లో రాత్రిపూట మంచె మీద నుంచి గొంతు చించుకుని "హుకుందార్!" అనేవాడు. తోపు అవతలి నుంచి జవాబు కూడా వచ్చేది: "నేనే మామా, చెంబు ఎత్తుకోని పోతాండా!"